షరతు రాసిన చేయి: ఓటర్ల జాబితా, తొలగింపు, ఒక ఆదేశ భాష చరిత్ర

స్వతంత్ర భారతదేశపు మొదటి ఓటర్ల జాబితా సిద్ధమవుతున్నప్పుడు దాదాపు 28 లక్షల మంది స్త్రీల నమోదులు అందులోంచి తొలగిపోయాయి. వారు మరణించలేదు, ఊరు విడిచి వెళ్లలేదు, పౌరసత్వం కోల్పోలేదు. ఇంటింటికీ తిరిగిన గణకులకు తమ సొంత పేరు చెప్పలేదు, అంతే. ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే రాయించుకున్నారు. బిహార్, ఉత్తరప్రదేశ్, మధ్యభారత్, రాజస్థాన్, వింధ్యప్రదేశ్‌లలో పరపురుషునికి పేరు చెప్పడం మర్యాద కాదు. పేరు లేని నమోదు నమోదే కాదని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిశ్చయించారు. గడువు పొడిగించి, పేర్లు రాయించుకొమ్మని ప్రచారం చేయించారు. అప్పటికీ రాయించుకోని వారిని జాబితా నుంచి తీసివేశారు. దేశంలో అప్పటి మహిళా ఓటర్లు సుమారు 8 కోట్లు. మొత్తం ఓటర్లు 17 కోట్ల పైచిలుకు.

సేన్ నిర్ణయాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. స్త్రీని సొంత పేరు గల పౌరురాలిగా గుర్తించాలన్న పట్టుదల అందులో ఉంది. తరువాతి ఎన్నికల నాటికి ఆ పట్టుదల చాలావరకు ఫలించింది కూడా. నా దృష్టి ఆ నిర్ణయపు నిర్మాణం మీద. దానిలో ఒక పట్టిక ఉంది, పట్టికలో తప్పనిసరి అని ఎవరో నిర్ణయించిన ఒక గడి ఉంది, ఆ గడి ఖాళీగా ఉంటే వరుస మొత్తాన్ని కొట్టివేయమన్న షరతు ఉంది. మరో ఇరవై ఏళ్లకు అమెరికాలో ఇద్దరు యువ పరిశోధకులు సరిగ్గా ఇదే నిర్మాణాన్ని ఒక భాషగా మలిచారు. ఈనాడు ఈ ఉపఖండంలో ఓటర్ల జాబితాలు, పౌర పట్టికలు, రేషన్ కార్డులు నడిచేది ఆ భాషలోనో దాని సంతతిలోనో.

1970 జూన్‌లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే ఆంగ్లేయ గణితజ్ఞుడు ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. అప్పటివరకు కంప్యూటర్‌లో ఒక సమాచారం కావాలంటే అది ఎక్కడ, ఏ దారిలో దాగి ఉందో ప్రోగ్రాము రాసేవాడికి తెలిసి ఉండాలి. ఎక్కడుందో అడిగేవాడికి అక్కరలేదు, ఏమి కావాలో చెబితే చాలు అన్నది కాడ్ ప్రతిపాదన. సమాచారమంతా అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలే కావాలన్నాడు. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ ప్రతిపాదనకు మాటలు కూర్చారు. తమ భాషకు సీక్వెల్ అని పేరు పెట్టారు. ఆ పేరు మరో కంపెనీ వ్యాపార చిహ్నమని తేలడంతో తరువాత ఎస్‌క్యూఎల్ అని కుదించారు. బాయిస్ ఆ ఏడాదే, ముప్ఫయ్యో పడిలో అడుగుపెట్టకుండానే మరణించాడు. 1979లో ఒరాకిల్ సంస్థ దీన్ని సరుకుగా మార్కెట్‌కు తెచ్చింది. 1986లో అమెరికా ప్రమాణాల సంస్థ, 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించాయి. ఆ భాషను కన్న ఐబీఎం 1978లో మన దేశం నుంచి మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయిందన్నది రాజకీయ చరిత్ర చదివే వారికి గుర్తుండే ముచ్చట. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కింద వాటా తగ్గించుకోవడానికి ఆ సంస్థ ఒప్పుకోలేదు, జనతా ప్రభుత్వం పట్టు విడవలేదు. సంస్థ వెళ్లింది, భాష మాత్రం తరువాతి దశాబ్దాలలో మన కార్యాలయాలన్నిటిలోకి వచ్చి కూర్చుంది.

చాంబర్లిన్, బాయిస్‌ల ఆశయం ప్రజాస్వామికమైనది. ప్రోగ్రామింగ్ రాని గుమాస్తా, ప్రణాళికా రచయిత, ఉపాధ్యాయుడు కూడా మామూలు ఇంగ్లిషును పోలిన మాటలతో పట్టికను ప్రశ్నించగలగాలని కోరారు. అందుకే ఆ భాషలో క్రియలు బహు స్వల్పం. సెలెక్ట్ అంటే ఎంచి చూపు. ఇన్‌సర్ట్ అంటే చేర్చు. అప్‌డేట్ అంటే సవరించు. డిలీట్ అంటే తీసివేయి. ఇన్‌సర్ట్ మినహా మిగిలిన మూడింటి వెనుక వేర్ అనే చిన్న మాట వస్తుంది. ఏ వరుసలకు ఈ ఆదేశం వర్తిస్తుందో చెప్పే షరతు అదే. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన వారికి పెద్దలు మొదట చెప్పే జాగ్రత్త ఒకటుంది. డిలీట్ రాసి వేర్ మరిచిపోతే పట్టిక మొత్తం ఖాళీ అవుతుంది. యంత్రం 'నిజంగానా?' అని అడగదు. అందుకే ముందు అదే షరతుతో సెలెక్ట్ నడిపి, ఎవరు పోతారో కళ్లారా చూసుకొని, ఆ తరువాతే డిలీట్ నడపాలంటారు. మన ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950 ఇరవైరెండో సెక్షన్ చెప్పేది కూడా దాదాపు ఇదే. చనిపోయిన వారిని మినహాయిస్తే, నివాసం మారిందనో అర్హత లేదనో ఒక పేరు తొలగించే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకొనే తగిన అవకాశం ఇవ్వాలి. కంప్యూటర్ రాకముందే ఆ జాగ్రత్త మన చట్టంలో ఉంది.

ఆ భాషలోని మరో అంశం దగ్గర కొంచెం నిలవాలి. గడి ఖాళీగా ఉంటే దానిని నల్ అంటారు. నల్ అంటే సున్నా కాదు, 'లేదు' కూడా కాదు, 'తెలియదు' అని. కాడ్ పట్టిక లోకంలో ప్రతి ప్రశ్నకూ రెండు కాదు, మూడు సమాధానాలుంటాయి: అవును, కాదు, తెలియదు. 'తండ్రి పేరు రామయ్య అయిన వారిని చూపు' అంటే రామయ్య పిల్లలు వస్తారు. 'రామయ్య కాని వారిని చూపు' అంటే మిగిలిన వారందరూ రావాలి కదా? రారు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నవారు ఈ వరుసలోనూ ఉండరు, ఆ వరుసలోనూ ఉండరు. 'అవును' అని తేలిన వరుసలనే షరతు లోపలికి రానిస్తుంది. 'తెలియదు' అన్నది చప్పుడు చేయకుండా జారిపోతుంది. అనుభవం గల ఇంజనీర్లనే తికమక పెట్టే ఈ తర్కాన్ని పట్టికలో సహించవచ్చు. పౌరసత్వానికి దించితే ఏమవుతుందో అస్సాం చూపింది.

1997లో ఎన్నికల సంఘం అస్సాం ఓటర్ల జాబితాలో మూడు లక్షలకు పైగా పేర్ల పక్కన 'డి' అనే అక్షరం చేర్చింది. డి అంటే డౌట్‌ఫుల్, సందేహాస్పదులు. వారి పేరు జాబితాలో ఉంటుంది, ఓటు ఉండదు. విదేశీయులని ఎవరూ తేల్చలేదు, పౌరులని ఎవరూ ఒప్పుకోలేదు. నేను చూసినంతలో మన పాలనా చరిత్రలో మూడో విలువకు ఇంతకంటే స్పష్టమైన రూపం లేదు. అలా ఆ అక్షరం కింద ఏళ్ల తరబడి, కొందరు మరణించే దాకా ఉండిపోయారు.

ఆ తరువాత అదే రాష్ట్రంలో సుప్రీంకోర్టు పర్యవేక్షణలో జాతీయ పౌర పట్టిక సవరణ జరిగింది. 1951 నాటి పట్టికను, 1971 మార్చి 24 అర్ధరాత్రి వరకు ఉన్న ఓటర్ల జాబితాలను కంప్యూటర్‌కు ఎక్కించి, ఒక్కొక్క పూర్వీకునికి ఒక సంకేత సంఖ్య ఇచ్చారు. దరఖాస్తుదారు ఆ సంఖ్య చూపి, తాను ఆ పూర్వీకుని సంతతి అని పత్రాలతో రుజువు చేయాలి. ఒకే పూర్వీకుణ్ణి చెప్పుకొన్న వారందరి వంశవృక్షాలను యంత్రం పక్కపక్కన పెట్టి పోల్చింది. పట్టికల భాషలో దీనిని జాయిన్ అంటారు, రెండు పట్టికలను ఒక ఉమ్మడి గడి ఆధారంగా కలపడం. ఉమ్మడి గడి కుదిరితే మనిషి లోపల, కుదరకపోతే బయట. ఇక్కడ మళ్లీ స్త్రీలే ఎక్కువ నలిగారు. పెళ్లికి ముందు ఖాతూన్ అయిన స్త్రీ పెళ్లి తరువాత బీబీ, లేదా బేగం అవుతుంది. బడి మొహం చూడని పిల్లకు బడి ధ్రువపత్రం ఉండదు. పెళ్లయి మరో ఊరు వెళ్లినందున ఓటర్ల జాబితాలో ఆమె పేరు భర్త పేరుతోనే ముడిపడి ఉంటుంది. తండ్రికీ ఆమెకూ మధ్య వంతెన గ్రామపంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం ఒక్కటే. అటువంటి పత్రాల మీద ఆధారపడినవారు సుమారు 48 లక్షల మంది. వారిలో అత్యధికులు వివాహిత స్త్రీలు. 2017 ఫిబ్రవరిలో గువాహటి హైకోర్టు ఆ పత్రాలు చెల్లవన్నది. అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, నిజానిజాలు పరిశీలించిన మీదట స్వీకరించవచ్చని ఆ తీర్పును తిప్పివేసింది. 1952లో సొంత పేరు చెప్పనందుకు తల్లి జాబితాకు దూరమైతే, తండ్రి పేరుతో ముడి రుజువు చేయలేనందుకు కూతురు దూరమైంది. తప్పనిసరి గడి మారింది, అంతే.

2018 జులై ముసాయిదాలో 40 లక్షల మందికి చోటు దక్కలేదు. 2019 ఆగస్టు 31 నాటి తుది జాబితాలో 3,11,21,004 మంది చేరారు, 19,06,657 మంది బయట మిగిలారు. తరువాత, 2020 ఫిబ్రవరిలో, ఆ జాబితా అంతర్జాలంలో కొన్నాళ్లు కనిపించకుండా పోయింది. క్లౌడ్ సేవల ఒప్పందం పొడిగించకపోవడమే కారణమని, సమాచారం భద్రంగానే ఉందని కేంద్ర హోం శాఖ చెప్పింది. కోట్ల మంది పౌరసత్వానికి ఆధారమైన పట్టిక ఒక అద్దె ఒప్పందం మీద వేలాడిందని అప్పుడు కాని చాలామందికి తెలియలేదు.

షరతు ఎప్పుడూ మూయడానికే రాస్తారని దీని అర్థం కాదు. ఇదే దేశంలో ఎదురు ఉదాహరణ ఒకటుంది. రాజ్యాంగం ఇంకా ఆమోదం పొందకముందే, 1948లో, రాజ్యాంగ సభ సచివాలయం వయోజన ఓటర్ల ముసాయిదా జాబితాల పని మొదలుపెట్టించింది. ఓటరుగా నమోదు కావాలంటే నియోజకవర్గంలో ఏడాదిలో కనీసం 180 రోజులు నివసించి ఉండాలన్నది నియమం. విభజనలో సర్వం పోగొట్టుకొని వచ్చిన శరణార్థులు ఆ షరతు ఎలా తీర్చగలరు? శరణార్థి సంఘాల నుంచి విన్నపాలు వచ్చాయి. సచివాలయం వెనక్కి తగ్గి, తాము ఇక్కడే స్థిరంగా ఉండదలిచామని శరణార్థులు ప్రకటన ఇస్తే చాలు, పేరు రాసుకొమ్మని ఆదేశించింది. రుజువు పత్రం గడిని ఐచ్ఛికం చేసి, మనిషి మాటను తప్పనిసరి చేశారన్నమాట. దేశం నెత్తురు కక్కుతున్న నెలలలో ఆ గుమాస్తాలు చూపిన ఉదారత నేటి శాంతికాలంలో ఎందుకు కరువైందో అర్థం కాదు.

మళ్లీ జాబితా దగ్గరకు వద్దాం. 1993లో టి.ఎన్. శేషన్ ఫొటో గుర్తింపు కార్డులకు ఆదేశించారు. ఆ దశాబ్దం చివర జాబితాలు కంప్యూటర్‌కు ఎక్కడం మొదలైంది. అప్పటిదాకా కాగితం మీద కొట్టివేత కంటికి కనిపించేది. పేరు మీద గీత ఉండేది, గీత కింద పేరూ ఉండేది. ముద్రిత అనుబంధ జాబితాలో ఇప్పటికీ ఆ జాడ కొంత మిగిలింది. తొలగించిన పేరు పక్కన మరణించారని, మారారని, రెండుసార్లు నమోదయ్యారని సూచించే అక్షరం ఉంటుంది. కాని జాబితాను కొత్తగా కూర్చి ముద్రించినప్పుడు ఆ పేరూ పోతుంది, ఆ అక్షరమూ పోతుంది. పట్టికలో డిలీట్ స్వభావం అదే. ఎవరు, ఎప్పుడు, ఏ షరతుతో తీశారో వేరే చిట్టాలో రాసుకోకపోతే అక్కడొక మనిషి ఉండేవాడన్న గుర్తే మిగలదు. ఆ భాషలో రోల్‌బ్యాక్ అనే సౌకర్యం ఉంది, చేసిన పనిని ఖరారు చేయకముందు వెనక్కి తీసుకోవచ్చు. మన విధానంలో చట్టప్రకారం అప్పీలు ఉన్నా, ఆచరణలో పేరు పోయిన ఓటరుకు చెప్పేది ఒక్కటే: ఫారం 6 నింపండి. అంటే ముప్ఫయ్యేళ్లుగా ఓటు వేస్తున్న మనిషి పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రవాడిలా కొత్తగా చేరాలి. పోయినది తిరిగి రాదు, మరొక ఇన్‌సర్ట్ జరుగుతుంది.

ఈ సంగతి తెలుగువారికి వివరించనక్కరలేదు. 2015 మార్చిలో జాబితాల ప్రక్షాళన పేరిట ఎన్నికల సంఘం జాతీయ స్థాయిలో ఆధార్ అనుసంధానం మొదలుపెట్టింది. ఆధార్ వినియోగంపై సుప్రీంకోర్టు ఆగస్టు 11న మధ్యంతర ఉత్తర్వు ఇవ్వగానే ఆ పని ఆపివేసింది. అయితే 2018 డిసెంబర్‌లో తెలంగాణ శాసనసభ ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రాలకు వెళ్లి, తమ పేరు లేదని తెలుసుకొని వెనుదిరిగిన వారు ఎందరో. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల వారిలో ఒకరు కావడంతో విషయం దేశమంతా తెలిసింది. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో తొలగింపు కోరే ఫారం 7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఎవరి పేరుతో దాఖలయ్యాయో వారే మేము పెట్టలేదన్న సందర్భాలు బయటపడి, పోలీసు కేసులు నమోదయ్యాయి.

ఒకే మనిషి రెండు చోట్ల నమోదైతే తొలగించవలసిందే, అందులో వాదం లేదు. చిక్కంతా 'ఒకే మనిషి' అని యంత్రం ఎలా తేలుస్తుందన్నదే. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, లింగం కలిస్తే ఒకే మనిషి అన్నారనుకోండి. లక్ష్మి, భర్త వెంకటేశ్వర్లు, వయసు 45. మన రెండు రాష్ట్రాలలో ఈ షరతుకు ఎంతమంది లోబడతారో పాఠకులే ఊహించవచ్చు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. సత్యనారాయణను ఇంగ్లిషులో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్క లేదు. యంత్రానికి ఒకే మనిషి నలుగురుగానూ కనిపిస్తాడు, నలుగురు మనుషులు ఒక్కరుగానూ కనిపిస్తారు. అందుకే యంత్రం ఇచ్చేది అనుమానమే కాని తీర్పు కాదు. తలుపు తట్టి చూడవలసినది మనిషి. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే మరో సందర్భంలో చెప్పింది. ఢిల్లీ, ముంబైలలో పోలీసు నివేదికల ఆధారంగా ఓటర్లకు మూకుమ్మడి నోటీసులు పంపినప్పుడు, ఇదివరకే జాబితాలో ఉన్న పేరుకు ఒక విలువ ఉందని, అనుమానానికి ఆధారమేమిటో ఆ వ్యక్తికి తెలపకుండా తీసివేయరాదని న్యాయస్థానం అన్నది.

పొరుగు దేశాలది కూడా ఇదే అవస్థ. బంగ్లాదేశ్‌లో 2006 నాటి జాబితాలో కోటికి పైగా అదనపు పేర్లున్నాయన్న వివాదం ఎన్నికలనే ఆపించింది. సైన్యం సాయంతో 8 కోట్ల మందికి పైగా ఫొటోలు, వేలిముద్రలు తీసి 2008లో కొత్త జాబితా కట్టారు. పాకిస్తాన్‌లో 8 కోట్ల పైచిలుకు పేర్ల పాత జాబితాను జాతీయ గుర్తింపు సంఖ్యల పట్టికతో పోల్చగా, సుమారు 3 కోట్ల 70 లక్షల నమోదులకు ఆధారం దొరకలేదు. 2012లో కొత్త జాబితా వచ్చినప్పుడు అక్కడి ఎన్నికల సంఘం ఒక చిన్న ఏర్పాటు చేసింది. గుర్తింపు సంఖ్యను 8300కు ఫోన్ సందేశంగా పంపితే, మీ పేరు ఏ ప్రాంతపు జాబితాలో ఉందో జవాబు వస్తుంది. ఇంటర్నెట్ లేని రైతు కూడా పట్టికను ఒక ప్రశ్న అడగగలిగాడు. కాని ఒకే ఒక ప్రశ్న, ఒకే ఒక వరుస గురించి. మన వెబ్‌సైట్లూ అంతే. నా పేరు ఉందా అని అడగవచ్చు. మా వార్డులో ఈ ఏడాది ఎన్ని పేర్లు పోయాయి, అందులో స్త్రీలెందరు, ఏ వీధుల వారు అని అడగడానికి వీలు లేదు. ఆ ప్రశ్నలు అడగగల సెలెక్ట్ అధికారి చేతిలోనే ఉంది.

ఆ అధికారం కోరుతూ 2018లో ఒక ప్రధాన పక్ష నాయకుడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మధ్యప్రదేశ్‌లో దొంగ ఓట్లున్నాయని ఆరోపిస్తూ కమల్‌నాథ్ వేసిన పిటిషన్ అది. రాజస్థాన్ జాబితాల గురించి సచిన్ పైలట్ అలాంటిదే మరొకటి వేశారు. వెతకడానికి వీలయ్యే రూపంలో జాబితా ఇప్పించాలన్న ఆ కోరికను 2018 అక్టోబర్ 12న న్యాయస్థానం తిరస్కరించింది. ఏ రూపంలో ఇవ్వాలన్నది ఎన్నికల సంఘం ఇష్టమని, కావాలంటే పిటిషనరే మార్చుకోవచ్చని చెప్పింది. ఓటరు గోప్యత అన్నది సంఘం చూపే కారణం. అది తీసిపారేయదగ్గ కారణం కాదు. కోట్ల మంది చిరునామాలు, వయసులు, బంధుత్వాలు వెతికే రూపంలో బజారున పడితే వ్యాపారులు, పార్టీలు ఏం చేస్తారో మనకు తెలుసు. అయితే అచ్చు కాగితంగా అందరికీ పంచే జాబితా, అక్షరాలు వెతకగలిగితేనే ప్రమాదకరమవుతుందనడం నాకు సగం వాదంగానే తోస్తుంది. దళారులు ఆ కాగితాన్ని డబ్బు పెట్టి టైపు చేయించుకోగలరు. చేయించుకోలేనిది వార్డు కార్యకర్త, పత్రికా విలేకరి, పేరు పోయిన మనిషి.

2025 జూన్ 24న ఎన్నికల సంఘం బిహార్‌లో ప్రత్యేక ముమ్మర సవరణకు ఆదేశించినప్పుడు ఈ చరిత్ర అంతా ఒక్క వేసవిలో తిరిగి నడిచింది. అక్కడి ఓటర్లు 7 కోట్ల 89 లక్షలు. ఆగస్టు 1 ముసాయిదాలో మిగిలింది 7 కోట్ల 24 లక్షలు. పోయిన 65 లక్షలలో సుమారు 22 లక్షలు మరణించిన వారని, 36 లక్షలు వలస వెళ్లిన వారు లేదా దొరకని వారని, 7 లక్షలు వేరే చోట కూడా ఉన్నవారని సంఘం లెక్క చెప్పింది. పేర్లు మాత్రం చెప్పలేదు. తొలగించిన వారి జాబితా విడిగా ప్రకటించాలని నియమాలు చెప్పడం లేదన్నది దాని వాదన. ముసాయిదా మొదట అక్షరాలు వెతకగలిగే రూపంలో ఉండి, ఆ తరువాత కొద్ది రోజులకే ఫొటో ప్రతులుగా మారిందని పత్రికలు రాశాయి. ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించింది: ఆ 65 లక్షల పేర్లనూ బూత్‌ల వారీగా, ఒక్కొక్క పేరు ఎదుట కారణంతో సహా, ఓటరు కార్డు సంఖ్యతో వెతకడానికి వీలుగా వెబ్‌సైట్లలో పెట్టాలి, పంచాయతీ కార్యాలయాలలో కాగితంపై అతికించాలి, పత్రికలలో, రేడియోలో చాటించాలి. రోజుల వ్యవధిలోనే ఆ జాబితాలు వెలువడ్డాయి. చనిపోయారని రాసిన వారిలో కొందరు బతికే ఉన్నారని కోర్టులోనే నిలబడి చూపారు. సెప్టెంబర్ 30 తుది జాబితాలో 7 కోట్ల 42 లక్షల మంది ఉన్నారు.

ఏడేళ్ల క్రితం సాధ్యం కాదనిపించుకున్న వెతుకులాటను ఈసారి అదే న్యాయస్థానం ఐదు రోజుల గడువుతో తెరిపించింది. తెరుచుకున్నది తొలగించిన పేర్ల వరకే. మిగిలిన 7 కోట్ల పైచిలుకు పేర్ల జాబితా ఇంకా బొమ్మల రూపంలోనే ఉంది.